పిండి నిలవని నోటు

నేను రోజూ తలుచుకుని దణ్ణం పెట్టుకునే మనుషుల్లో ఒకరెవరో నాకు తెలియదు. ఆడో మగో కూడా తెలియదు. ఒక ఎండాకాలమంతా మా పిండిమరకు వచ్చి, గింజలు పట్టించుకుని, దొంగనోటిచ్చి, మంచి చిల్లర తీసుకుని వెళ్ళిన మనిషి. అప్పట్లో దొరికితే నాలుగు దులపాలని ఉండేది. ఇప్పుడు దొరికితే కూర్చోబెట్టి కడుపునిండా భోజనం పెడతాను. ముందు నాలుగు దులిపాకే పెడతాననుకోండి, అది వేరే సంగతి.

మా మర వీధి మొగలో ఉండేది. ముందు మర, వెనక రెండు గదుల్లో మేము. మేమంటే మా ఆయన, ఆయన చెల్లెలు, నేను. నేను తొట్టిలో గింజలు పోసి, కింద పిండి పడే చోట సంచి కట్టేదాన్ని. మా ఆయన గుమ్మం పక్కన బల్ల దగ్గర కూర్చుని తూకం చూసి డబ్బు తీసుకునేవారు. మధ్యాహ్నం ఆయన భోంచేసి కాస్త నడుం వాల్చేటప్పుడు ఆ బల్ల దగ్గర ఆడపడుచు కూర్చునేది. వచ్చేవాళ్ళు ఆమెకు 'కాటా' అని పేరు పెట్టారు. గింజ ఎక్కువ తూగనివ్వదు, తక్కువ తూగనివ్వదు, మాట కూడా అంతే. ఆ పేరు ఆమె చెవిన పడనే పడింది. కోపం రాలేదు సరికదా, "తప్పుడు కాటా అనలేదు కదా" అని ఊరుకుంది. చివరికి మేమూ అలాగే పిలవడం మొదలుపెట్టాం.

మరలో డబ్బు తీసుకోవడానికి ఒక పద్ధతి ఉండేది. అది మా మామగారి నాటిది. పెద్దనోటు చేతికి రాగానే దాని మీద చిటికెడు పిండి రాసి, ఉఫ్‌మని ఊదాలి. మంచి నోటు మీద అచ్చు కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి ఆ గీతల అంచుల్లో పిండి సన్నగా, తెల్లగా నిలిచిపోతుంది. దొంగనోటు నున్నగా ఉంటే పిండంతా ఎగిరిపోతుంది. మిగతా కొట్లవాళ్ళు నోటును వేళ్ళతో తడిమి చూస్తారు, వెలుతురుకు పట్టి చూస్తారు. మాకు ఆ రెండూ కుదరవు. మరరాళ్ళకు ఉలితో గంట్లు కొట్టీ కొట్టీ మా ఆయన వేళ్ళు చెక్కపేళ్ళలా ఉండేవి. ఇక వెలుతురంటారా, గాలి నిండా పిండి ఉన్న కొట్లో అదెక్కడిది. అందుకని పిండినే నమ్ముకున్నాం. నోటు ఊదగానే "నిలిచింది" అనేవారు మా ఆయన. అంటే తీసుకోవచ్చని అర్థం. వచ్చినవాళ్ళు కూడా ఆ మాట కోసం ఎదురు చూసేవాళ్ళు, పరీక్షలో పాసైనట్టు.

నాకు మొదటినుంచీ ఒక పిచ్చి అలవాటుంది. ఇంట్లో దీపం పెట్టే వేళకు గుమ్మం దగ్గర చెప్పులు చూసుకుంటాను. అందరివీ ఉంటే ఊపిరి తీసుకుంటాను. చిన్నప్పుడు మా అన్నయ్య ఒక మాట పడి చెప్పులేసుకుని గుమ్మం దిగాడు. "ఆకలేస్తే వాడే వస్తాడు" అన్నాడు నాన్న. అన్నయ్యకు ఎక్కడ ఆకలేసిందో, ఎవరు పెట్టారో, నాకు ఈనాటికీ తెలియదు.

ఆ ఎండాకాలం కొత్త గింజలొచ్చి మరకు ఊపిరాడలేదు. పొద్దున్న బెల్టు ఎక్కిస్తే చీకటి పడేదాకా తిరుగుతూనే ఉండేది. ఆ రోజుల్లోనే ఒకనాడు, మాకు మర బెల్టులు అమ్మే షాపతను మేమిచ్చిన నోటొకటి పట్టుకుని వచ్చాడు. మా ఆయనకు చాలా కాలంగా తెలిసిన మనిషి. గట్టిగా అడగడానికి మొహమాటం, అడక్కపోతే నష్టం. బల్ల మీద ఆ నోటు పరిచి దాన్ని చూసి నవ్వాడు.

"అన్నా, దీనికి పిండి వాసనైతే అచ్చంగా ఉంది. మిగతాదే లేదు."

మా ఆయన కూడా నవ్వేసి, వేరే నోటిచ్చి పంపించారు. ఇంతమంది వచ్చిపోయే చోట ఒకటి తప్పిపోతే ఏమైందన్నారు. అని, మొహం కడుక్కోవడానికి వెనక్కి వెళ్ళారు. ఆ ఎండాకాలం ఆయనకు మొహం కడుక్కోవడం ఎక్కువైంది. కళ్ళలో పిండి పడిందంటూ మాటిమాటికీ నీళ్ళ తొట్టి దగ్గరికి వెళ్ళేవారు. తడి తువ్వాలు భుజం మీద నుంచి దిగేది కాదు. మేమెవ్వరం దాన్ని పట్టించుకోలేదు. మరలో పనిచేసేవాళ్ళ కనురెప్పలు ఎప్పుడూ తెల్లగానే ఉంటాయి. కళ్ళు మసకేస్తే పిండనుకుంటాం గాని ఇంకేమనుకుంటాం.

ఆ తరవాత బ్యాంకు సంగతి జరిగింది. చిల్లర సంచి బరువుగా ఉందని నేనూ ఆయన వెంట వెళ్ళాను. కౌంటర్లో ఉన్నావిడ నోట్లు లెక్కపెట్టే యంత్రంలో వేసింది. అది మధ్యలో ఆగింది. మళ్ళీ వేస్తే మళ్ళీ ఆగింది. ఆవిడ కొన్ని నోట్లు పక్కకు తీసి, ఒక్కొక్కదాని మీద ముద్ర కొట్టి తనే ఉంచుకుంది. గొంతు పెంచలేదు. ఒకటంటే పొరపాటనుకుంటామని, ఇన్ని ఒకే చోటు నుంచి వస్తే పైవాళ్ళకు రాయక తప్పదని, ఈసారికి చెప్పి వదిలేస్తున్నానని అంది. మా వెనక వరసలో నిలబడ్డవాళ్ళు వినీ విననట్టు పక్కకు చూశారు.

"ఇవి నా చేతి మీదుగా రాలేదమ్మా" అన్నారు మా ఆయన.

బయటికొచ్చి మెట్లు దిగేటప్పుడు ఆయన నా భుజం పట్టుకున్నారు. దారంతా ఆ చెయ్యి తియ్యలేదు. నలుగురిలో పరువు పోయిందని కాళ్ళు వణుకుతున్నాయి కాబోలనుకుని, నేనూ మెల్లగా నడిచాను.

ఆ సాయంత్రం డబ్బుపెట్టె సర్దుతూ కాటా ఇంకో దొంగనోటు పట్టుకుంది. దాన్ని తెచ్చి, భోజనానికి కూర్చున్న అన్నగారి ముందు పెట్టింది. "అన్నయ్యా, ఇదిగో ఇంకోటి" అంది. ఆయన నోటు వైపు చూడను కూడా చూడలేదు.

"మధ్యాహ్నం బల్ల దగ్గర ఎవరు కూర్చుంటున్నారు?" అన్నారు, గోడతో అంటున్నట్టు.

"నేను. నీకు తెలీదా?"

"తెలుసు కాబట్టే అడుగుతున్నా."

"గోడనెందుకు అడగడం. నన్నే అడుగు. మంచినీళ్ళు తాగి మరీ అడుగు."

"నాన్న నాటి నుంచీ ఈ బల్ల మీద దొంగనోటు నిలవలేదు. నేను ఊది చూడకుండా ఒక్కటీ పెట్టెలో వెయ్యను. మరి ఇవెక్కణ్ణుంచి వస్తున్నాయి?"

"నేనూ ఊదే చూస్తున్నా."

"చూసి కూడా తీసుకుంటున్నావా అయితే?"

నేను గరిట కింద పెట్టి ఏదో అనబోయాను. కాటా చేత్తో వద్దంది. కాసేపు అన్నగారి మొహంలోకే చూసింది, ఆ మాట వెనక్కి తీసుకుంటారేమోనని. ఆయన తీసుకోలేదు. తడి తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని, ఆ నోటును ఆమె వైపు నెట్టారు.

"ఇది కూడా నువ్వే ఉంచుకో."

"సరే" అంది కాటా. "నా మీద పడ్డ నింద, నా దగ్గరే ఉండనీ."

నోటు నాలుగు మడతలు పెట్టి తన చేతిసంచిలో వేసుకుంది. అన్నం సగంలో లేవలేదు. కంచం ఖాళీ చేసి, కడిగి బోర్లించి, అప్పుడు లోపలికి వెళ్ళింది. అరిచి ఏడ్చి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. మా అన్నయ్య కూడా ఆ రోజు కంచం కడిగి పెట్టే వెళ్ళాడు.

మర్నాటి నుంచి ఆమె బల్ల దగ్గర కూర్చోలేదు. వేరే ఊళ్ళో కుట్టుమిషన్లు పెట్టుకున్న స్నేహితురాలికి, వచ్చి అక్కడే పని చూసుకుంటానని కబురు పంపింది. జవాబు వచ్చేవరకూ ఇంట్లో పనంతా మామూలుగా చేసింది. అన్నాచెల్లెళ్ళ మధ్య మాటలు మాత్రం నా మీదుగా నడిచేవి. "వదినా, మీ ఆయనకి నీళ్ళు కాగాయని చెప్పు" అని ఆమె అనేది. "కాగితే తెలుస్తుందిలే అని చెప్పు" అని ఆయన అనేవారు. ఇద్దరూ ఒకే గదిలో ఉండేవారు, మధ్యలో నేను టపా మోసేదాన్ని. ఆయనతో విడిగా రెండుసార్లు చెప్పి చూశాను. అది అలాంటి పని చేసే మనిషి కాదండీ అంటే, నేను చేసేవాణ్ణా అని అడిగారు. ఇద్దరినీ నమ్మాను. ఇద్దర్నీ నమ్మితే లెక్క కుదరదు. ఆ వారమంతా ఏ పని చేస్తున్నా లేచి వెళ్ళి గుమ్మం దగ్గర ఆమె చెప్పులు చూసి వస్తూ ఉండేదాన్ని.

జవాబు వచ్చింది, రమ్మని. కాటా పెట్టె సర్దుకుంది. మధ్యాహ్నం బస్సు.

ఆ పొద్దున మర తిరుగుతుండగా మా ఆయన నన్ను చేత్తో పిలిచారు. బెల్టు నడుస్తున్నప్పుడు పక్కన పిడుగు పడ్డా వినబడదు. చెవి దగ్గర నోరు పెట్టి చెబితేనే మాట. నేను వెళ్ళి బల్లకు ఆయన కుడివైపున నిలబడ్డాను.

"అది వెళ్తుంటే నీకు నేను కసాయివాడిలా కనబడుతున్నానని తెలుసు" అన్నారు. "వారమైంది అది ఈ బల్ల దగ్గర కూర్చోక. ఇవన్నీ నేను తీసుకున్నవే. ఒక్క దొంగనోటు ఉందేమో నీ కళ్ళతోనే చూడు."

పెట్టెలోంచి నోట్లు తీశారు. మొదటిదాని మీద పిండి రాసి, ఊది, నాకు చూపించారు. గీతల వెంట తెల్లగా పిండి నిలిచింది. రెండోది కూడా అలాగే. మూడోదాని మీద పిండి రాశారు, ఊదారు. పిండంతా ఎగిరిపోయింది. నోటు కడిగిన పళ్ళెంలా నున్నగా ఉంది. ఆయన దాన్ని వెలుతురు వైపు తిప్పి పట్టుకున్నారు.

"చూశావా, ఎంత తెల్లగా నిలిచిందో" అన్నారు.

నేను నోటు చూడటం మానేసి ఆయన మొహం చూశాను. అందులో మొండితనం లేదు, అబద్ధం లేదు. ఆయనకు నిజంగానే తెల్లగా కనబడుతోంది.

ఎందుకలా చేశానో నాకే తెలియదు. వెనకనుంచి బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, ఆయనకు ఎడమవైపున, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో నిలబడ్డాను. మర చప్పుడులో నా అడుగులు ఆయనకు వినబడవు. ఆయన నాలుగో నోటు ఊది, ఇంతకుముందు నేనున్న చోటికి చాపారు.

"ఇదీ మంచిదే, చూడు" అన్నారు, అక్కడున్న గోనెసంచులతో.

నేను మళ్ళీ తిరిగి కుడివైపుకు వచ్చి ఆ నోటు అందుకున్నాను.

"అవునండీ" అన్నాను.

వెనక గదిలోకి వెళ్ళేసరికి కాటా పెట్టె గుమ్మం దగ్గర పెట్టి చెప్పుల్లో కాళ్ళు దూరుస్తోంది. ఏడుపు మొహం పెట్టకు వదినా, బస్సు తప్పుతుంది అంది.

"మీ అన్నయ్యకి కళ్ళు కనబడటం లేదే."

"ఆ సంగతి నాకు వారం కిందటే తెలిసింది."

"కాదమ్మా. నిజంగానే కనబడటం లేదు. పిండి నిలవని నోటు నాకు చూపించి నిలిచిందంటున్నారు. పక్కన నిలబడితే నేనున్నానని తెలియడం లేదు."

కాటా చేతిసంచి భుజం మీద నుంచి జారి మోచేతి దగ్గర ఆగింది. ఆమె నీళ్ళ తొట్టి వైపు చూసింది. తొట్టి చుట్టూ ఆయన పొద్దుటినుంచీ మొహం కడుక్కున్న తడి ఇంకా ఆరలేదు.

"అది పిండి కాదన్నమాట" అంది మెల్లగా.

మరలోకి మేమెవ్వరం చెప్పులతో అడుగుపెట్టం. ఆమె ఆ చెప్పులతోనే లోపలికి వెళ్ళి మోటారు స్విచ్చి కిందికి లాగేసింది. బెల్టు టపటపా కొట్టుకుని, మెల్లబడి, ఆగింది. ఆ సీజన్లో పట్టపగలు మా మర ఆగడం అదే మొదలు. గుమ్మం బయట వరసలో ఉన్నవాళ్ళు మాటలాపి లోపలికి తొంగి చూశారు.

"కరెంటు పోయిందా?" అన్నారు మా ఆయన.

"పోలేదన్నయ్యా. నేనే ఆపాను. లే, కంటాసుపత్రికి వెళ్దాం."

"రాళ్ళ మధ్య గింజలుండగా ఎవరైనా ఆపుతారా? నాకేమైంది, కాస్త పిండి పడింది."

కాటా తువ్వాలు తడిపి తెచ్చి, చంటిపిల్లాడికి తుడిచినట్టు ఆయన రెండు కళ్ళూ తుడిచింది. ఆయన విదిలించుకోలేదు. తుడవడం అయ్యాక ఆమె ఒక అడుగు వెనక్కి జరిగింది.

"ఇప్పుడు పిండి లేదు కదా. వదిన ఎక్కడుందో చెప్పు."

నేను ఎడమవైపున గోడకు ఆనుకుని ఉన్నాను. ఆయన కుడివైపు చూశారు. ఎదురుగా గుమ్మం వైపు చూశారు. ఆ తరవాత మెల్లగా తల తిప్పుతూ, తిప్పుతూ, నా మీదికి వచ్చి ఆగారు. అలా ఆగినప్పుడు ఆయన మొహం ఎలా ఉందో నేను ఎవరికీ చెప్పలేదు, ఇక్కడా చెప్పను. ఆయన లేచి, బల్ల కింద చెప్పుల కోసం కాలితో నేల తడుముకున్నారు. కాటా వంగి వాటిని తీసి ఆయన కాళ్ళ ముందు పెట్టింది.

ఆసుపత్రిలో అక్షరాల పటం ముందు ఆయన అన్నిటికన్నా పై వరస దగ్గరే ఆగిపోయారు. గోనెసంచుల మీది అచ్చు చూసి కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదాన్ని నేను. ఆయన బదులు కింది వరస దాకా లోలోపల చదివేసుకున్నాను, ఎవరైనా చదివితే చాలన్నట్టు. డాక్టరు చిన్నవాడు, ఓపిగ్గా చెప్పాడు. కంటి లోపల ఒత్తిడి పెరిగి ఎడమకంటి నరం ఎండిపోయింది, దాన్నిక తెప్పించలేము. కుడికంట్లోనూ ఒత్తిడి ఉంది, పైగా పొర కమ్మింది. ఆ పొర తీసి, ఒత్తిడి తగ్గిస్తే ఆ కన్ను దక్కుతుంది. వానలు పడేదాకా ఆగి ఉంటే అదీ పోయేదే. ఇంతవరకూ నొప్పీ లేదు, ఎరుపూ లేదు, మీకెలా అనుమానం వచ్చిందని అడిగాడు.

"దొంగనోట్లు చెప్పాయండీ" అంది కాటా. డాక్టరు రాస్తున్న కలం ఆపి ఆమె వైపు చూశాడు గాని, ఆమె వివరించలేదు.

బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది. ఆ సంగతి మళ్ళీ ఎవరం ఎత్తలేదు. స్నేహితురాలికి ఏమని కబురు పంపిందో నేను అడగలేదు. కుడికంటికి ఆపరేషన్ అయ్యి మర మూసి ఉన్నన్నాళ్ళూ మా దగ్గర పట్టించుకునేవాళ్ళు చాలామంది గింజలు వేరే చోటికి తీసుకెళ్ళకుండా అలాగే ఉంచుకున్నారు. బెల్టుల షాపతను వచ్చి, రాళ్ళు విప్పించి, మధ్యలో ఇరుక్కున్న గింజలన్నీ తనే దులిపించి వెళ్ళాడు. మర మళ్ళీ తెరిచిన రోజు వరస వీధి మలుపు దాకా ఉంది. ఆ దొంగనోటు మనిషి కూడా ఆ వరసలో ఎక్కడో నిలబడే ఉంటారు. ఆ రోజు నుంచీ కాటాయే పూర్తిగా బల్ల దగ్గర కూర్చుంది. పక్కనే స్టూలు వేసుకుని, వచ్చేవాళ్ళతో కబుర్లు చెబుతూ, పూటపూటకీ కంట్లో చుక్కలు వేయించుకుంటూ మా ఆయన ఆ కంటితో చాలా ఏళ్ళు లోకాన్ని చూశారు. తరవాత మా ఇంట్లో విడిపోవడాలు రాలేదని కాదు. వయసు మీద పడ్డాక అవి వస్తాయి, వచ్చాయి. కాని ఎవరూ మాట పడి గుమ్మం దిగలేదు. నాకది చాలు.

నాకు ఆ ఎండాకాలం ముగిసింది మాత్రం వార్డులో, ఆయన కంటికి కట్టు విప్పిన పొద్దున. నర్సు దూది తీసి, మెల్లగా తెరవమంది. ఆయన రెప్ప ఎత్తి, మళ్ళీ మూసి, మళ్ళీ ఎత్తారు. కిటికీ చూశారు. నన్ను చూశారు. నా జుట్టు ఇంత నెరిసిందా అన్నారు. కాటా మంచానికి అవతల నిలబడి ఉంది. ఆమె వైపు చూసి, చూపు దుప్పటి మీదికి దించుకున్నారు.

కాటా చేతిసంచిలోంచి ఆ నాలుగు మడతల నోటు తీసింది. సంచి కుట్టు దగ్గర వేలితో గీరింది. మా వస్తువుల్లో దేన్ని దులిపినా కాస్త పిండి రాలుతుంది. ఆ పిండిని నోటు మీద రాసి, ఉఫ్‌మని ఊదింది. ఇక్కడ దుమ్ము లేపుతారేంటమ్మా అని నర్సు విసుక్కుంది. కాటా ఆ మాట పట్టించుకోకుండా నోటును ఆయన కుడికంటి ముందు పట్టుకుంది.

"చూడన్నయ్యా."

ఆయన నోటు అందుకుని కిటికీ వైపు తిప్పారు. దగ్గరగా పెట్టుకున్నారు, దూరంగా పట్టుకున్నారు. చాలాసేపు చూశారు.

"నిలవలేదు" అన్నారు.

"సరిగ్గా చూడు."

"చూశాను. గీతల్లో ఒక్క రవ్వ లేదు. నున్నగా ఉంది."

నోటును మళ్ళీ మడతపెట్టడానికి ప్రయత్నించి, ఊరుకున్నారు.

"ఇది నేను తీసుకున్నదేనమ్మా" అన్నారు.

కాటా ఆ నోటు ఆయన చేతిలోంచి తీసుకుంది. కింద పెదవి పంటితో పట్టుకుని కిటికీ వైపు తిరిగింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి మొహం మామూలుగానే ఉంది.

"పిండి వాసన మాత్రం మనదే" అంది.

ముందు ఆయన నవ్వారు. కంటికి అదురు తగలకూడదని నర్సు కేకలేసేదాకా నవ్వారు. నేను ఎవరి మొహం చూస్తే ఏడుపొస్తుందోనని మంచం కిందికి వంగి చూశాను. ముగ్గురి చెప్పులూ అక్కడే ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, అంచులకు పిండి పట్టి.